గృహారోగ్యము: పడిపోయిన చేతికి పని

క్రిందటి మాసమున మాకొక జాబు వచ్చినది. వ్రాసిన సోదరి పేరు ఇచ్చట చెప్పము. ఆమె తండ్రిగారికి పక్షవాతము వచ్చి ఆఱు నెలలైనదట. "కాలు క్రింద మోపనీయకుండ, గ్లాసు చేత పట్టనీయకుండ పసిబిడ్డనువలె సాకుచున్నాము. ఐనను దినదినము క్షీణించుచున్నారు. మా సేవలో లోపమేమి?" అని ఆమె ప్రశ్న. ఆ జాబు చదువుకొని మేము చాలసేపు కదలక కూర్చుంటిమి. ఏలయన, ఆ మాటలు మూడేండ్ల క్రిందట మేమే వ్రాసియుండవచ్చును. కాలు మోపనీయకపోవుటయు, గ్లాసు పట్టనీయకపోవుటయుఁ గూడ ఆ లోపమని మేమెఱుగుటకు నాలుగు నెలలు పట్టినది. ఆ నాలుగు నెలల వెల మా అత్తగారి కుడిచేయి చెల్లించినది. కావున ఈ మాసము ఊరగాయల సంగతి వాయిదా వేసి దీనినే వ్రాయుచున్నాము.

పక్షమనగా ప్రక్క; ఱెక్క యనియు అర్థము కలదు. దేహమున నొక ప్రక్క చచ్చువడును గనుక పక్షవాతమనియు, పక్షాఘాతమనియు పేళ్ళు వచ్చినవి. మేము బాల్యమున మా నాయనగారియొద్ద రామాయణము చదువుకొన్ననాటినుండి ఈ మాట వినినప్పుడెల్ల ఱెక్కలు కాలి కొండపై కూలిన సంపాతి జ్ఞాపకమునకు వచ్చును. ఊరిలోనివారు "గాలి సోకినది" అందురు. "చేయీ కాలూ పడిపోయినవి" అందురు. నిజమునకు ఇది చేతికిని కాలికిని వచ్చిన జబ్బు కాదు. మెదడునకు రక్తము కొనిపోవు నాళములో గడ్డ యడ్డుపడియో, నాళము చిట్లి రక్తము స్రవించియో మెదడున నొక భాగము దెబ్బతినును. ఎక్కువమందికి వచ్చునది మొదటి రకము. మెదడు ఎడమభాగము దేహపు కుడిప్రక్కను, కుడిభాగము ఎడమప్రక్కను నడుపును. చేతిలో ఎముక విఱుగలేదు, కండ తెగలేదు. దానికి ఆజ్ఞ యిచ్చు చోటు పాడైనది. ఈ సంగతి మనసున పెట్టుకొనినగాని ముందు చెప్పబోవునది బోధపడదు.

మా అత్తగారికి అఱువదినాలుగవ యేట, కార్తీకమాసమున నొక తెల్లవారుజామున, అయిదు గంటలకు వాకిట ముగ్గు పెట్టుచుండగా చేతిలోని ముగ్గుచిప్ప జారిపడినది. మేము పోయి చూచునప్పటికి మూతి యొక ప్రక్కకు వంకరపోయియున్నది, కుడిచేయి వ్రేలాడుచున్నది, మాట ముద్దగా వచ్చుచున్నది. ఈ మూడు గుర్తులలో ఏ యొక్కటి కనబడినను రెండవదానికై వేచియుండక 108కి ఫోను చేయవలెను. అడ్డుపడిన గడ్డను కరగించు మందు కలదు. కాని దానిని నాలుగున్నర గంటలలోపల ఇయ్యవలసియుండును. వచ్చినది గడ్డయో రక్తస్రావమో సి.టి. స్కాను తీయక తెలియదు. తెలియక ఆ మందిచ్చినచో ప్రాణాపాయము. మేమేమి చేసితిమి? పడుకొనబెట్టి, అరికాళ్ళు రుద్ది, కాఫీ త్రాగింపజూచితిమి. పెద్దలొకరు పావురపు రక్తము పూయవలెననిరి. పావురమును తెచ్చుటకు ఒక మనిషి పొరుగూరు పోయెను. పావురము దొరకలేదుగాని ప్రొద్దు పదిగంటలైనది. పట్టణములో ఆసుపత్రి చేరునప్పటికి గడువు దాటిపోయినది. పావురపు రక్తము పూసినను త్రాగించినను పక్షవాతము తగ్గదు. పెద్దల మాట కాదనుటకు ఆనాడు మాకు నోరు రాలేదు. ఇది చదువుచున్న చిన్నకోడండ్రకు ఆ సమయమున నోరు రావలెనని కోరుచున్నాము.

తొమ్మిది దినములు ఆసుపత్రిలో నుంచి, రక్తపుపోటు మాత్రలును, గడ్డలు రాకుండుటకు మాత్రలును వ్రాసి, బొమ్మలున్న ఒక కాగితము చేతికిచ్చి "ఇంటియొద్ద వ్యాయామములు చేయింపుడు" అని పంపివేసిరి. ఆ బొమ్మలలో ఏది ఎప్పుడు చేయింపవలెనో, ఎంత చేయింపవలెనో మాకెవరును చేసి చూపలేదు. రెండు దినములు ప్రయత్నించితిమి. అత్తగారు నొప్పియని ఏడ్చిరి. మేమును ఏడ్చి కాగితమును పంచాంగములో దాచితిమి.

పిదప మాకు చేతనైన సేవ యారంభించితిమి. తెల్లవారగనే పండ్లు తోమించుట మేమే. తలదువ్వుట, జడవేయుట మేమే. అన్నము కలిపి ముద్దలు చేసి నోట పెట్టుట మేమే. ఆమె కుడిచేతిని మెత్తని దిండుపై పెట్టి, శాలువ కప్పి, విగ్రహమునువలె కాపాడితిమి. ఎవరైన వచ్చి "ఎట్లున్నారు పిన్నిగారూ?" అని యడిగిన, ఆమె పెదవులు కదలకముందే మేము బదులు చెప్పెడివారము. చూడవచ్చిన బంధువులు "కోడలనిన ఇట్లుండవలెను" అనిరి. పెండ్లియైన పదునాలుగేండ్లకు మాకట్టి మాట వినబడుట అదే మొదలు. అది మాకు తీపిగా నుండెనని ఒప్పుకొనక తప్పదు. ఫాల్గుణము వచ్చునప్పటికి కుడిచేయి మోచేతియొద్ద ముడుచుకొని, వ్రేళ్ళు పిడికిలి పట్టి, గోళ్ళు అరచేతిలో గ్రుచ్చుకొనుచుండెను.

మావారి బడిలో పనిచేయు నొక మాస్టరుగారి చెల్లెలు ఫిజియోథెరపీ చదివి పట్టణమున పనిచేయుచుండెను. ఒక ఆదివారము ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చి, అత్తగారి మంచము ప్రక్క గంటసేపు కూర్చుండి, మేము అన్నము తినిపించుట, నీళ్ళు త్రాగించుట అంతయు మాటలాడక చూచినది. పిమ్మట అత్తగారి మణికట్టును నెమ్మదిగా పట్టి వ్రేళ్ళు చాపించి, "మామ్మగారూ, ఒక్కసారి ఎత్తండి" అన్నది. ఆ వ్రేళ్ళు కదలినవి! అంగుళము కూడ లేదు, ఐనను కదలినవి. మేము నివ్వెఱపోతిమి. "నాలుగు నెలలనుంచి దీన్నెవరూ పని అడగలేదండీ. ఇది మరచిపోతోంది" అని ఆ అమ్మాయి అన్నది. మమ్ము నిందించు కంఠము కాదది. ఐనను ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

చేయి మఱచిపోవుట యనునది ఆ పిల్ల కల్పించిన మాట కాదు. అమెరికాలో ఎడ్వర్డ్ టాబ్ అను శాస్త్రజ్ఞుడు కోతులయందు ఈ సంగతి కనుగొనెను. ఒక చేతినుండి స్పర్శను మెదడునకు కొనిపోవు నరములను కోసిన పిమ్మట, కోతి ఆ చేతిని వాడుట మానివేసెడిది. కదలించు నరములు బాగుగనే యున్నను వాడెడిది కాదు. మొదటిదినములలో ప్రయత్నించి, ఫలము గానక, రెండవచేతితోనే అన్నియు చేసికొన నేర్చి, చెడిన చేతిని విడిచిపెట్టెడిది. మంచిచేతిని కట్టివేసినప్పుడు గత్యంతరము లేక చెడినచేయి చాచి ఆహారము పుచ్చుకొనెడిది. (ఆ కోతుల విషయమై 1981లో ఆ దేశమున పెద్ద వివాదము చెలరేగినది. ఆ మూగజీవముల ఋణము మనయందున్నదని మేమనుకొందుము.) ఈ సూత్రముననుసరించియే పక్షవాత రోగులకు ఒక చికిత్స ఏర్పడినది. మంచిచేతికి మెత్తని చేతితొడుగు తొడిగి, మేలుకొన్న సమయములో చాల భాగము దానిని వాడనీయక, చెడినచేతితో చిన్న చిన్న పనులు మఱల మఱల చేయింతురు. 2006లో ప్రకటింపబడిన అమెరికా పరిశోధనలో, పక్షవాతము వచ్చి 3 నెలలనుండి 9 నెలలైన 222 మందిలో కొందఱికి రెండు వారములు ఇట్లు చేయింపగా, మామూలు చికిత్స పొందినవారికంటె వారి చేతులు మెఱుగైనవి. ఏడాది పిమ్మటను ఆ మెఱుగు నిలిచినది. ఐతే ఇది యందఱికిని తగదు. మణికట్టును వ్రేళ్ళును కొంతయైన పైకెత్తగలిగినవారికే తగును. చేయి బొత్తిగా కదలనివారికి ఇట్లు చేసిన నిష్కారణముగా ఏడిపించినట్లగును. ఎవరికి తగునో తెలిసినవారు చూచి చెప్పవలెను.

మా ఇంట ఆ తొడుగు పాత ఉన్నిమేజోడుతో తయారైనది. దినమునకు రెండు గంటలతో ఆరంభించితిమి. ముందు గిన్నెలో కుంకుడుకాయలు పోసి, ఒక్కొక్కటిగా తీసి మఱియొక గిన్నెలో వేయుమంటిమి. మొదటిదినము నాలుగు కాయలు. అయిదవది జారి దొర్లగా అత్తగారు గిన్నెను ఎడమమోచేతితో త్రోసివేసిరి. కాయలన్నియు వసారా నిండ చెదరినవి. మూడు వారములు మా ఇల్లు కురుక్షేత్రమే. ఆమెకు మాట రాదు. కాని కన్నులతో తిట్టగలరు. భోజనమునకు ముద్దలు నోట పెట్టుట మానివేసి, కంచము ముందుంచి, మేము చేతులు వెనుకకు కట్టుకొని నిలువబడెడివారము. అన్నము చీరపై పడెడిది, పప్పు మోచేతివఱకు కారెడిది. గంట పట్టెడిది. అంతసేపు ఊరక నిలుచుటకంటె పదిమందికి వండి వడ్డించుట సులభము.

అప్పుడే ఊరిలో మాట పుట్టినది. "కాలూ చేయీ పడిన అత్తగారిచేత చిక్కుడుకాయలు వలిపించుచున్నదట." "తినిపించు ఓపిక లేక కంచము ముందు పడవేయుచున్నదట." నాలుగు నెలల క్రిందట మమ్ము మెచ్చుకొన్న నోళ్ళే ఇట్లనినవి. ఆడపడుచు ఫోను చేసి ఏడ్చినది: "వదినా, అమ్మనేమి చేయుచున్నావు?" మేమెంత చెప్పినను ఆమెకు నమ్మకము కలుగలేదు. ఆనాడు మావారు తల్లితరపున నుండరు, మాతరపున నుండరు. బడికి గంట ముందే పోయెడివారు. సోదరీమణులారా, వైద్యశాస్త్రమున వ్రాయని కష్టమిది. ఇంటిలో నొకరు కూర్చుండి రోగిచేత పని చేయించుచున్నపుడు చూచువారికది క్రౌర్యమువలె కనబడును. కావున ఆరంభించుటకు ముందే దగ్గఱవారినందఱిని పిలిచి, చికిత్స చెప్పు మనిషిచేతనే చెప్పించుట మంచిది. మేమాపని చేయలేదు. ఉగాదికి ఆడపడుచు వచ్చినపుడు ఆ ఫిజియోథెరపీ అమ్మాయి ఆమెను ప్రక్క కూర్చుండబెట్టుకొని అంతయు చూపినది. అత్తగారు కుడిచేత ఉగాదిపచ్చడి గిన్నె పట్టుకొని, సగము ఒలకబోసి, సగము త్రాగిరి. ఆడపడుచు ఏమియు అనలేదు. తడిచిన చీర మార్చినది.

ఇక మొదటివారములలో మేము తెలియక చేసిన మఱి రెండు తప్పులు చెప్పవలెను. ఇవి ప్రతి యింటను జరుగుచున్నవి. మంచముపైనుండి లేపుటకు మేము ఆమె చెడినచేతిని పట్టి లాగెడివారము. ఆ వైపు భుజమును పట్టియుంచు కండలు సడలియుండును గనుక, లాగినచో కీలు జారును. తరువాత వచ్చు భుజపునొప్పి నెలల తరబడి పోదు. ఎన్నడును చేయి పట్టి లాగరాదు. చంకలలో చేతులు పెట్టి యెత్తుటయు కూడదు. మోకాళ్ళు మడిపించి, ప్రక్కకు దొర్లించి, కాళ్ళు మంచము దింపి, భుజపుఱెక్కల వెనుక చేయి యానించి కూర్చుండబెట్టవలెను. కూర్చున్నపుడు చెడినచేతిని దిండుపైనో బల్లపైనో ఆనించియుంచవలెను.

రెండవది పొలమారుట. మన యిండ్లలో ఎవరికైన పొలమారిన "ఎవరో తలచుకొనుచున్నారు" అని నడినెత్తిన తట్టి నవ్వుదుము. పక్షవాతము వచ్చినవారికి పొలమారిన నవ్వరాదు. మ్రింగుటకు వలయు కండలు కూడ దెబ్బతినియుండవచ్చును. అపుడు నీరు ఊపిరితిత్తులలోనికి పోయి న్యుమోనియా వచ్చును. ఆసుపత్రిలో మ్రింగుటను పరీక్షించి చెప్పువఱకు నోట ఏదియు పోయరాదు. మేము పోయజూచిన ఆ కాఫీ తలచుకొన్న ఇప్పటికిని ఒడలు జలదరించును. పడుకొనబెట్టి త్రాగింపరాదు. నిటారుగా కూర్చుండబెట్టి, గడ్డము కొంచెము క్రిందికి వంచి, చిన్నచెంచాతో, ఒక గుటక మ్రింగిన పిదప రెండవది. కొందఱికి పలుచని నీటికంటె చిక్కని జావ సులభముగా దిగును. ఎంత చిక్కనయో వైద్యులు చెప్పుదురు. నోటిలో చెడినవైపు బుగ్గలో మెతుకులు నిలిచిపోవును. తిన్న పిదప నోరు కడిగి, అరగంట కూర్చుండబెట్టియే యుంచవలెను. త్రాగినపుడెల్ల దగ్గు వచ్చుచున్నను, గొంతు తడిగా గురగురలాడుచున్నను వెంటనే వైద్యునకు చెప్పవలెను.

కదలలేనివారిని రెండు గంటలకొకసారి ప్రక్క మార్చవలెనని అందఱును వినియుందురు. ఎక్కడ పడక యొత్తునో అక్కడ రక్తము ప్రసరింపక చర్మము చచ్చి పడకపుండ్లు పడును. ఈ నియమము వెనుక నొక చరిత్ర కలదు. వెన్నుపాము తెగి కాళ్ళు చచ్చువడినవారు ఆ పుండ్లచేతను మూత్రాశయపు జబ్బులచేతను కొద్దికాలములోనే చనిపోవుదురని ఒకప్పుడు వైద్యులే ఆశ వదలుకొనెడివారు. జర్మనీనుండి 1939లో ఇంగ్లండు చేరిన లుడ్విగ్ గుట్మన్ అను యూద వైద్యుడు, యుద్ధమున వెన్నుపాము దెబ్బతిన్నవారికై 1944లో స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో ప్రత్యేక విభాగము ప్రారంభించి, రేయింబవళ్ళు రెండు గంటలకొకసారి ప్రక్క మార్పించెను. మనుష్యులు బ్రదికిరి. బ్రదికినవారిని ఊరక పడుకొననీయక పనులు నేర్పించెను, ఆటలాడించెను. 1948లో పదునాఱుగురు చక్రాల కుర్చీలలో కూర్చుండి అక్కడ విలువిద్య పోటీలో పాల్గొనిరి, అందిద్దఱు స్త్రీలు. నేటి పారాలింపిక్ క్రీడలకు బీజమదే.

ఇంతమాత్రమున మొదటిదినమే రోగిని బలవంతముగా నడిపింపరాదు. 2015లో ప్రకటింపబడిన ఒక పెద్ద పరిశోధనలో, అయిదు దేశములలో 2,104 మందిని చూడగా, 24 గంటలలోపలనే మాటిమాటికి ఎక్కువసేపు లేపి నిలిపినవారు మామూలుగా చూచినవారికంటె కొంచెము తక్కువగానే కోలుకొనిరి. మొదట కొద్దికొద్దిగా, పిదప హెచ్చుగా. మెఱుగు మొదటి మూడు నెలలలో వేగముగా నుండును; పిమ్మట మందగించును గాని ఆగిపోదు. ఏడాది దాటినదని ఎవరును చేయి వదలరాదు.

మాట సంగతి మఱి వేఱు. మెదడు ఎడమభాగమున మాటకు సంబంధించిన చోటు కలదని 1861లో పారిసు నగరమున పాల్ బ్రోకా అను వైద్యుడు చూపెను. ఆయన చూచిన రోగి ఒక్క అక్షరము తప్ప మఱేమియు పలుకలేకపోయెడివాడు. కుడిప్రక్క పడిపోయినవారిలో పలువురకు అందుకే మాట కూడ పోవును. మాట పోయినదని తెలివి పోయినట్లు కాదు. అత్తగారికి "నీళ్ళు" అనుట రాదు; "ఆ, ఆ" అని చేయి చూపెడివారు. ఒక శనివారము సంధ్యవేళ మేము దీపము పెట్టుచు గజేంద్రమోక్షములోని పద్యమెత్తుకొంటిమి. మంచముపైనుండి, సన్నగా, స్పష్టముగా, రెండవపాదము వినవచ్చినది. మేము గొంతు ఆపితిమి. ఆమె పద్యము పూర్తిచేసిరి. పరుగెత్తి "నీళ్ళు కావలెనా అత్తయ్యా?" యనిన మఱల "ఆ, ఆ" యే! అద్భుతమనుకొని ఊరంతటికి చెప్పితిమి. తరువాత తెలిసినది: నోటికి వచ్చిన పద్యములు, పాటలు, అంకెలు, వారముల పేర్లు మెదడున వేఱు దారిని నడచును, కావున మాట పోయినవారికిని తఱచు మిగిలియుండును. పాడుచు మాటలు నేర్పు చికిత్సను అమెరికా వైద్యులు 1973లోనే ప్రకటించిరి. ఆ పద్ధతిని స్పీచ్ థెరపిస్టు మాకు నేర్పినది. "నీళ్ళు తే" అనుటను రాగము తీసి, ఎడమచేత తొడపై తాళము వేయించుచు, దినమునకు నలువదిసార్లు పలికించితిమి. ఇరువదియాఱవ దినమున రాగము లేకుండ వచ్చినది. మాటలాడించునపుడు తొందరపడి మనము పూర్తిచేయరాదు. పదివఱకు లెక్కపెట్టుకొని ఆగవలెను. మేమిప్పటికిని ఏడింటియొద్ద తప్పుచుందుము.

ఇదంతయు చదివి, ఇంటి ఆడవారే అన్నియు చేయగలరు, తెలిసినవారు అక్కఱలేదని ఎవరైన అనుకొందురేమో! మన దేశములోనే దీనిని పరీక్షించి చూచిరి. 14 ఆసుపత్రులలో 1,250 మంది పక్షవాత రోగులను తీసికొని, సగమువారి యింటిమనుష్యులకు వ్యాయామములు చేయించుట నేర్పి, కొన్నిసార్లు ఇంటికి పోయి చూచిరి. తక్కిన సగమునకు మామూలు వైద్యమే. 2017లో ఫలితము వెలువడినది. ఆఱునెలల పిమ్మట రెండు తెగలలోను నూటికి 47 మంది మరణించిరి, లేక పరాధీనులై యుండిరి. భేదము లేదు. ఇది చదివిననాడు మాకు కోపమే వచ్చినది. మా శ్రమ అంతయు వ్యర్థమా యని. పిమ్మట ఆలోచింపగా, కొద్దిపాటి పాఠము చెప్పి భారమంతయు కోడలిమీదను కూతురిమీదను పెట్టి పంపివేసిన చాలదని ఆ పరిశోధన చెప్పుచున్నట్లు మాకు తోచినది. నేర్చినవారు వారము వారము చూచి, నేడు చేయుచున్నది రేపు మార్చుచు నుండవలెను. మా యింట ఆ అమ్మాయి వారమునకు రెండుసార్లు వచ్చినది. ఆమెకిచ్చు సొమ్ముకై మావారు సాయంకాలము ట్యూషనులు పెట్టుకొనిరి. బంగారము కుదువపెట్టి పావురములకును నాటుమందులకును వ్యయము చేయు గృహస్థులు దీనికి మాత్రము వెనుదీయుట మేము చాలచోట్ల చూచుచున్నాము.

రోగి యేడ్చుట గుఱించి ఒక మాట. పక్షవాతము వచ్చినవారిలో మూడింట నొకవంతు మందికి మనసు క్రుంగిపోవు జబ్బు కూడ వచ్చును. అన్నము సయింపదు, నిద్ర యుండదు, వ్యాయామము వలదందురు. మొండితనమని కసరుకొనక వైద్యునకు చెప్పవలెను, మందులు కలవు. సేవచేయువారి మాట అడుగువారు లేరు. ఆ వేసవిలో మేము ఆఱు కిలోల బరువు తగ్గితిమి; ఒకనాడు అత్తగారిమీద అఱచి, వంటయింటిలో తలుపు వేసికొని యేడ్చితిమి. అదివఱకు రాత్రులు లేచుట మా ఒక్కరి పనిగా నుండెను. నాటినుండి రెండవ జాము మావారిది. మగవారికి చేతకాదనునది మనము కల్పించిన మాటయే. ఆయన ప్రక్క మార్చిన పిదప దుప్పటిలో ఒక్క ముడుత యుండదు.

వెన్నుపాము దెబ్బతిన్న యొక స్త్రీ సంగతి మా అత్తగారికి చదివి వినిపించితిమి. కొచ్చిలో జన్మించిన డాక్టర్ మేరీ వర్గీస్ వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పనిచేయుచు, 1954లో మోటారు ప్రమాదమున నడుముక్రింద చచ్చువడిపోయెను. వయసు ముప్పదియైన నిండలేదు. కుష్ఠరోగుల వంకరపోయిన చేతులను శస్త్రచికిత్సచే చక్కజేయు డాక్టర్ పాల్ బ్రాండ్ అక్కడనే యుండెను. ఆయన ప్రోత్సాహమున ఆమె చక్రాల కుర్చీలో కూర్చుండి ఆ శస్త్రచికిత్సలు నేర్చి చేసెను. పిదప న్యూయార్కు పోయి పునరావాస వైద్యము చదివి, తిరిగివచ్చి, వెల్లూరిలో ఆ విభాగమును నడిపెను. అక్కడ 1966లో రోగులుండి నేర్చుకొను ప్రత్యేక సంస్థ వెలసినది. 1972లో పద్మశ్రీ వచ్చినది, 1986లో గతించెను. సంపాతికి ఱెక్కలు మఱల మొలచినవి, వానరులకు సీత జాడ చెప్పిన పిమ్మట. మేరీ వర్గీస్ కాళ్ళు మఱల రాలేదు. మేము చదువుట ముగించినపుడు అత్తగారు కుడిచేతి వ్రేళ్ళను చూచుకొనుచు కూర్చుండిరి.

ఇంటి మార్పులు కొన్ని: గుమ్మములకు గడపలున్నచోట వాలుగా చెక్కబల్ల; స్నానపుగదిలో గోడకు పట్టుకొమ్మియు, జారని చాపయు, ప్లాస్టికు కుర్చీయు; నేలమీది దొడ్డికి బదులు కూర్చుండు దొడ్డి; జాకెట్టుకు హుక్కులు తీసి అంటించు పట్టీ; తొడుగునపుడు చెడినచేయి ముందు, విడుచునపుడు వెనుక. 2016 నాటి చట్టము ననుసరించి వైకల్యము నూటికి 40 పాళ్ళకు తక్కువ కానిచో ధ్రువపత్రముపై కొన్ని సౌకర్యములు లభించును. దరఖాస్తు చేయుటకు సిగ్గుపడవలదు. రక్తపుపోటు మాత్రలు బాగున్నదని మానినచో రెండవసారి వచ్చును. ఒక్క పూటయు మానరాదు.

రెండేండ్లు దాటినవి. అత్తగారు కఱ్ఱ పట్టుకొని వాకిటివఱకు నడుతురు. కుడిచేత అన్నము తిందురు, చెంచాతో. సూదిలో దారమెక్కింపలేరు, ముగ్గు పెట్టలేరు, గీత వంకరపోవును, అది చూచి చెఱిపివేయుదురు. మాటలు నూఱువఱకు వచ్చినవి. వానిలో మా పేరు మాత్రము లేదు. మమ్ము తమ చనిపోయిన చెల్లెలి పేర పిలుతురు. పలుకుచున్నాము. మొదటి నాలుగు నెలలు పోగొట్టకున్నచో సూదియు వచ్చియుండెడిదేమో. ఆ ప్రశ్న మమ్ము విడువదు. జాబు వ్రాసిన సోదరికి ఆఱు నెలలు గడచినవి. ఈ పత్రిక చేతికందిన దినముననే వారి తండ్రిగారి చేతికి గ్లాసు నిచ్చుటకు ముందు, తెలిసినవారినొకరిని పిలిచి, మ్రింగుటను, భుజమును చూపింపుమని కోరుచున్నాము.

ఇది వ్రాయుచుండగా వసారాలో చిక్కుడుకాయల పళ్ళెము ముందు పెట్టుకొని అత్తగారు కూర్చుండియున్నారు. పదునొకండున్నర అయినది, సగము కూడ కాలేదు. మావారు బడినుండి మధ్యాహ్నమున వచ్చుసరికి కూర కాకపోవచ్చును. పచ్చడి యున్నది. తక్కిన కాయలను మేము ముట్టము.